ప్రస్తుత బాధ్యురాలు

చొక్కా ఒంటి మీద ఉండగానే గుండీ కుట్టేయమన్నాడు భర్త. విప్పి మళ్ళీ తొడుక్కునే తీరిక లేదట. పదకొండింటికి కొత్త కంపెనీ ఆఫీసులో సంతకాలు, ఆ తర్వాత ఫొటో. ఆమె సూదిలో దారం ఎక్కించుకుని అతని ఛాతీ ముందు కాస్త వంగి నిలబడింది.

"కదలకండి, గుచ్చుకుంటుంది."

"గుచ్చుకుంటే గుచ్చుకోనీ. ఫొటోలో రక్తపు చుక్క కనపడకుండా చూడు, చాలు," అని నవ్వాడతను.

ముడి వేసి, దారం కొరకడానికి ఆమె అతని గుండె మీదికి ఒంగినప్పుడు, అలవాటు ప్రకారం తల మీద చెయ్యి వేసి రెండుసార్లు తట్టాడు. "నువ్వు లేకపోతే నేనేమైపోయేవాణ్ణో," అన్నాడు. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆ మాట ఆమె లెక్కలేనన్నిసార్లు విన్నది. విన్నప్పుడల్లా లోపలెక్కడో చల్లగా ఉండేది. ఇవాళా ఉంది. ఆ చల్లదనాన్ని తల్చుకుని మధ్యాహ్నానికల్లా తను సిగ్గుపడబోతోందని అప్పటికామెకు తెలియదు.

గుమ్మం దగ్గర మరిది అప్పటికే బూట్లు వేసుకుని సిద్ధంగా ఉన్నాడు. చంకలో ఆమె నోట్‌బుక్కు. "వదినా, ఇది నా దగ్గరే ఉంచుకుంటా, రెండు మూడు చోట్ల అర్థం కాలేదు, సాయంత్రం అడుగుతా," అన్నాడు. ఆమెకు ముచ్చటేసింది. అరవై పేజీల నోట్‌బుక్కు అది. ఏ రౌటర్ ఎక్కడుంది, దేని తాళంచెవి ఎవరి దగ్గరుంది, ఏది ఆగితే ముందు ఏం చూడాలి, ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ బొమ్మలు గీసి మరీ రాసింది. "నీకు ఒకరోజు జ్వరమొస్తే మేం చేతులు ముడుచుకు కూర్చోవాలా వదినా? ఎక్కడో ఒకచోట రాసిపెట్టు," అని నెలరోజులుగా వెంటపడ్డాడు. మూడేళ్ళుగా రౌటర్ వంక కన్నెత్తి చూడని మనిషికి ఇన్నాళ్ళకు పని మీద ధ్యాస కలిగిందని సంబరపడి, కూరగాయలు తరుగుతూ ఒక పేజీ, బట్టలు ఆరేస్తూ ఒక పేజీ రాసింది.

"నేను కూడా రానా? వారం రోజులుగా వాళ్ళతో మాట్లాడుతున్నది నేనేగా," అని నిన్న అడిగింది భర్తను.

"సంతకాలకు నువ్వెందుకు, ఎండన పడి? నీ పని ఇంటి నుంచయినా అయిపోతుంది. అమ్మ మోకాలు ఎవరు చూస్తారు?" అన్నాడు. అదీ నిజమేననిపించింది. ఇలా ఆమెకు నిజమే అనిపించినవి పదహారేళ్ళలో చాలానే పోగుపడ్డాయి.

వాళ్ళ కారు వెళ్ళిన చప్పుడు విని, ఇస్త్రీ బల్ల మీద ఒక చివర లాప్‌టాప్ పెట్టుకుంది. రెండో చివర ఇస్త్రీ చేయాల్సిన దుప్పట్లున్నాయి. ఇంట్లో ఆమె ఆఫీసు అదే. ఆఫీసులోనూ ఆమెకంటూ ఒక కుర్చీ ఉంది గానీ బల్ల మీద పేరు లేదు. పనివాళ్ళు వదినమ్మ అంటారు. కొత్తగా వచ్చిన కస్టమర్లు ఆమెను చూసి "సార్ ఎప్పుడొస్తారు?" అని అడుగుతారు. మరి జీతమో అని ఆడపడుచు ఒకసారి వేళాకోళంగా అంటే, మామగారు బతికున్న రోజుల్లోనే, "ఇంటి మనిషికి జీతమిస్తే పరాయిదాన్ని చేసినట్టు కాదూ?" అని నొచ్చుకున్నారు. ఆయన అంతగా నొచ్చుకోవడం చూసి ఆమే ఆయనను ఓదార్చింది.

వాళ్ళది ఊళ్ళోకి ఇంటర్నెట్ అందించే చిన్న కంపెనీ. ఇళ్ళు, రెండు బళ్ళు, ఒక పెద్ద ఆసుపత్రి, బజారులో దుకాణాలు. ఊళ్ళో తీగలన్నీ వీళ్ళవే గానీ, ఊరు దాటి ప్రపంచంలోకి వెళ్ళాలంటే ఒక పెద్ద కంపెనీ దారి ఇవ్వాలి. పాత పెద్ద కంపెనీతో ఒప్పందం ఇవాళ సాయంత్రం అయిదింటితో సరి. ఆలోగా కొత్త కంపెనీ రౌటరుకూ వీళ్ళ రౌటరుకూ పరిచయం చేయించాలి. దాన్నే సెషన్ అంటారు. రెండు పెట్టెలూ ముందు ఒకరినొకరు గుర్తుపట్టాలి. తర్వాత "మా ఊరి చిరునామాలివి, వీటికి వచ్చేవి నాకు పంపు" అని ఇదీ, "ప్రపంచంలో మిగతావన్నీ నా వైపు" అని అదీ చెప్పుకోవాలి. ఆ తర్వాత నిమిషానికోసారి "ఉన్నాను, ఉన్నాను" అని పలకరించుకుంటూ ఉండాలి. మూడు నిమిషాలు ఉలుకూ పలుకూ లేకపోతే అవతలిది పోయినట్టు లెక్క. దారులన్నీ చెరిగిపోతాయి.

వినడానికి ఇంతే. కానీ ఇందులో ఏం చెప్పాలో అన్నదానికంటే ఏం చెప్పకూడదో అన్నదే కష్టం. మూడేళ్ళ కింద అత్తగారి మొదటి మోకాలి ఆపరేషన్ రోజున ఆమె ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉండగా, మరిది ఒక రెండో కంపెనీతో సెషన్ పెట్టాడు. చెప్పకూడనివి బయటికి పోకుండా మన వైపు అడ్డుకట్ట పెట్టడం మర్చిపోయాడు. మొదటి కంపెనీ దగ్గర విన్న లోకంలోని దారులన్నిటినీ "ఇవన్నీ నా దగ్గర నుంచే" అని రెండో కంపెనీకి చెప్పేసింది వీళ్ళ బుల్లి రౌటరు. వాళ్ళు నమ్మారు. ఎక్కడెక్కడి రాకపోకలో వీళ్ళ సందులోకి తిరిగి, నలభై నిమిషాలు చుట్టుపక్కల ఊళ్ళన్నీ అల్లాడిపోయాయి. రెండో కంపెనీ వైపు అడ్డుకట్ట అప్పటికే కొంత ఉండేదట. దాన్ని తీసేయమని ఆమె పేరు మీద మెయిల్ కొట్టింది కూడా అతనే. అవతలి వాళ్ళు ఒక్కమాట అడక్కుండా తీసేశారు. ఆమె వరండాలో లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఒక చేత్తో మందుల చీటీ పట్టుకుని, అన్నీ సరిచేసింది. ఆ సాయంత్రం ఇంట్లో అత్తగారు, "పాపం, పిల్లాడు పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు," అన్నారు.

అప్పటి నుంచి ఆమె ప్రతి ఒప్పందంలోనూ ఒక షరతు రాయిస్తోంది. మార్పు ఏదైనా సరే, మెయిల్ వస్తే చాలదు. కాగితం మీద ఎవరి పేరుందో వాళ్ళ సొంత నంబరుకు ఫోన్ చేసి, వాళ్ళ గొంతుతో అవునని చెప్పించుకోవాలి. యజమాని అడిగినా అంతే. ఈ కొత్త ఒప్పందంలోనూ ఏడో పేజీలో పెట్టించింది. భర్త అది చదివి పడీపడీ నవ్వాడు. "నీ గొంతుకు అంత విలువేంటే?" అన్నాడు. ఆమె కూడా నవ్వింది.

"అమ్మాయ్," పక్కగదిలోంచి అత్తగారు పిలిచారు. "ఆయాతో చెప్పేశాను, ఒకటో తారీఖు నుంచి రావద్దని. ఆ పిల్ల కాలు పట్టుకుంటే రాయి పట్టుకున్నట్టుంటుంది. నువ్వే చేయిద్దువుగాని ఆ వ్యాయామాలు."

"మధ్యాహ్నం నేను ఆఫీసులో ఉంటా కదత్తయ్యా?"

లోపల ఒక క్షణం చప్పుడు లేదు. "సరేలే, అప్పటి సంగతి అప్పుడు," అన్నారు ఆవిడ. తర్వాత టీవీ గొంతు పెరిగింది. కొత్త ఆయాను వెతకాలి కాబోలని ఆమె మనసులో ఒక చీటీ రాసుకుంది. అప్పటికే అక్కడ చాలా చీటీలున్నాయి.

సరిగ్గా పదకొండు కొట్టేసరికి ఫోన్ మోగింది. కొత్త కంపెనీ ఇంజినీరు. వారం రోజుల పరిచయంలో ఆమె ఆయనకు చాదస్తం గారు అని పేరు పెట్టుకుంది. రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్పించి, మళ్ళీ తను చదివి, మళ్ళీ ఆమెతో అవుననిపించుకుంటే గానీ తర్వాత అంకెకు కదలడు. మొన్నటికి మొన్న ఒక చిరునామా కోసం పావుగంట తిన్నాడు. ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

"ప్రస్తుత బాధ్యురాలేనా మాట్లాడేది?"

"నేనేనండీ. నిన్న కూడా నేనే."

"నిన్నటిది నిన్న. మీ సంకేత సంఖ్య చెప్పండమ్మా."

చెప్పింది. రహస్య పదంలో మొదటి సగం ఆయన మెయిల్‌లో పంపాడు, రెండో సగం ఫోన్‌లో చదివాడు. ఆమె ఎక్కించింది. ఆయనా ఎక్కించాడు. ఇద్దరూ చూశారు. ఏమీ కాలేదు. తెర మీద ఆ సెషన్ పక్కన గంటల ముల్లు కదలని గడియారంలా, ఇంకా కుదరలేదని చెప్పే అదే పదం. ఆయన మళ్ళీ మొదటి నుంచి చదవడం మొదలుపెట్టాడు. ఆమె దుప్పటి మూల మడతపెడుతూ విన్నది, విని ఆగమంది.

"ఒక్కమాటండీ. మీ వైపు చిరునామా చివర ఏముంది? రెండేనా?"

"ఒకటి."

"నా వైపు కూడా ఒకటే ఇచ్చారు మీరు. ఇద్దరం ఒకే ఇంటి నంబరు వేసుకుని ఎదురింటి కోసం వెతుక్కుంటున్నాం."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. చాలాసేపు. ఆమె గుండె దిటవు చేసుకుంది. ఇలాంటప్పుడు మగవాళ్ళు ఏమంటారో ఆమెకు కంఠతా వచ్చు. మీ సాఫ్ట్‌వేర్ పాతదేమో, మీరు సరిగ్గా చూశారా, ఇంట్లో సార్ ఉన్నారా.

"నా తప్పే," అన్నాడు చాదస్తం గారు. "నా కాగితంలో నేనే తప్పు రాశాను. మీరు చెప్పింది సరైనదని రికార్డులో రాస్తున్నాను."

ఆమె చేతిలో దుప్పటి మూల అలాగే ఉండిపోయింది. నా తప్పే అని ఒక మగమనిషి ఆమెతో చివరిసారి ఎప్పుడన్నాడో గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు.

అంకె మార్చిన అరనిమిషానికి తెర మీద పదం మారింది. ఎస్టాబ్లిష్డ్, అంటే కుదిరింది. ఆమె తను రాసుకున్న జాబితా ఎదురుగా పెట్టుకుని, ఊరి చిరునామాలు నాలుగే బయటికి వెళ్తున్నాయని, అయిదోది ఏదీ జారిపోవడం లేదని రెండుసార్లు చూసుకుంది. అవతల నుంచి లోకమంతా లోపలికి వచ్చింది, లక్షల దారులు, బియ్యం బస్తా విప్పినట్టు జరజరా. ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆసుపత్రిలో చీటీలు రాసే అమ్మాయికి తెలియదు, బళ్ళో పాఠం వింటున్న పిల్లలకు తెలియదు. తెలియకుండా జరిగితేనే పని బాగా జరిగినట్టు. ఇంటిపని లాంటిదే ఇదీ.

"పని అయింది," అన్నాడాయన. "ఇక రెండో అంశం."

"రెండోది ఏముందండీ?"

"బాధ్యుల పేరు మార్పు. మీ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. షరతు ప్రకారం ప్రస్తుత బాధ్యురాలిని ఫోన్‌లో అడగాలి. చదువుతాను, వినండి." గొంతు సవరించుకున్నాడు. "'ప్రస్తుతం సాంకేతిక బాధ్యురాలిగా ఉన్న మా శ్రీమతి, కుటుంబ అవసరాల దృష్ట్యా, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి ఇష్టపూర్వకంగా వృత్తి నుంచి తప్పుకుంటున్నారు. ఆమె స్థానంలో మా తమ్ముడు అన్ని అధికారాలతో బాధ్యత తీసుకుంటారు. ఆమె నుంచి ఇకమీదట వచ్చే సూచనలు పాటించనవసరం లేదు.' కింద సంతకం. ఇరవై రెండు రోజుల కిందటి తేదీ."

ఆమెకు ఆయన గొంతు వినపడుతూనే ఉంది, మాటలు మాత్రం వెనకబడ్డాయి. ఇది ఇంకెవరి ఉత్తరమో, ఫైళ్ళు కలిసిపోయాయేమో. ఈయన ఇందాక అంకె తప్పు రాసిన మనిషే కదా.

"మళ్ళీ చదువుతారా?"

చాదస్తం గారికి మళ్ళీ చదవడం అంటే ఇష్టమే. మళ్ళీ చదివాడు, ప్రతి పదం విడివిడిగా. ఈసారి ఒక పదం దగ్గర ఆమెకు ఒళ్ళు జల్లుమంది. ఇష్టపూర్వకంగా.

ఇరవై రెండు రోజుల కింద. ఆదివారం. ఆమె పెరట్లో అత్తగారి దుప్పట్లు పిండుతోంది. మోచేతుల దాకా నురగ. లోపల బల్ల దగ్గర నుంచి భర్త అరిచాడు. "ఏమేవ్, ఒకళ్ళు పని మానేస్తున్నారని రాసేటప్పుడు 'తన ఇష్టంతో' అని రాస్తే బాగుంటుందా, ఇంకేదన్నా మాట ఉందా?" ఆఫీసులో లెక్కలు చూసే ముసలాయన మానేస్తున్నాడు కాబోలనుకుంది. దుప్పటి మెలితిప్పుతూనే అరిచింది. "'ఇష్టపూర్వకంగా' అని రాయండి, మర్యాదగా ఉంటుంది." "ఆఁ, బాగుంది బాగుంది," అన్నాడతను.

ఆ మాట ఆమెదే. తన మెడకు వేసే తాడుకు తనే ముడి నేర్పింది.

ఇస్త్రీ బల్ల అంచు పట్టుకుంది. ఒక్కటొక్కటే వచ్చి మీద పడుతున్నాయి. అరవై పేజీల నోట్‌బుక్కు. బొమ్మలు గీసింది, రంగులు కూడా వేసింది. ఒకటో తారీఖు నుంచి ఆయా రావద్దట. ఆ ఒకటో తారీఖే. అత్తగారికి తెలుసు. ఆ ఒక క్షణం చప్పుడు లేకపోవడం, ఆ వెంటనే టీవీ గొంతు పెరగడం. మరిదికి తెలుసు. ఇంట్లో అందరికీ తెలుసు. భోజనాల దగ్గర ఆమె వడ్డిస్తుంటే అందరికీ తెలిసే కూర్చుని తిన్నారు. ఈ పొద్దున అతను ఆ ఉత్తరం సంగతి లోపల పెట్టుకునే, ఆమె చేత గుండీ కుట్టించుకుని, తల మీద తట్టి, నువ్వు లేకపోతే ఏమైపోయేవాణ్ణో అన్నాడు. అన్నప్పుడు గొంతు కూడా మారలేదు. ఆమె చెవి అతని గుండెకు జానెడు దూరంలో ఉంది. గుండె కూడా మామూలుగానే కొట్టుకుంది. అదే ఆమెకు అన్నిటికంటే నమ్మశక్యం కాలేదు.

"అమ్మా, ఉన్నారా?"

"ఉన్నాను."

"మీకు సమ్మతమేనా? అవును, కాదు, రెండింటిలో ఒకటి చెప్పాలి. వేరే మాటలు నా ఫారంలో పట్టవు."

చెవి దగ్గర ఇంకో కాల్ వచ్చిన గుర్తుగా టకటకమంది. భర్త.

"ఒక్క నిమిషం ఆగుతారా?"

"మూడు నిమిషాలు ఆగుతాను. దాటితే తెగినట్టు లెక్క, అన్నీ మళ్ళీ మొదటి నుంచి."

భర్త వెనక సందడి, నవ్వులు. ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. "ఏంటే, ఆ ముసలాయన ఇంకా వదల్లేదా నిన్ను? ఇక్కడ ఫొటోకు నిలబడి ఉన్నాం. అతనేదో అడుగుతాడు, ఊరికే అవునని చెప్పెయ్. నీ ఏడో పేజీ షరతుంది చూడూ, దాని బాపతు. ఉత్త ఫార్మాలిటీ."

"చదివాడు. విన్నాను."

సందడికి దూరంగా నడిచినట్టున్నాడు, గొంతు మెత్తబడింది. "సాయంత్రం ఇంటికొచ్చి చెబుదామనుకున్నా. నీ మంచికే కదా. పొద్దుటి నుంచీ అటు అమ్మ, ఇటు ఆఫీసు, నువ్వెంత నలిగిపోతున్నావో చూడట్లేదనుకున్నావా? ఇక హాయిగా ఇంట్లో ఉండు. ఏమన్నా పెద్ద సమస్యొస్తే నువ్వెలాగూ ఉన్నావు, తమ్ముడు వచ్చి అడుగుతాడు."

"నన్ను అడగాల్సింది కదండీ."

ఆమె ఎదురుచూసిన జవాబులు కొన్ని ఉన్నాయి. మర్చిపోయానంటాడు. తీరిక దొరకలేదంటాడు. నువ్వు ఒప్పుకుంటావనుకున్నానంటాడు. వీటిలో ఏదన్నా ఆమె నమ్మడానికి సిద్ధంగానే ఉంది. నమ్మడం ఆమెకు బాగా అలవాటైన పని.

"అడిగితే వద్దంటావని తెలుసే," అన్నాడు, ఓపిగ్గా, పిల్లలకు చెప్పినట్టు. "అందుకే అడగలేదు."

గదిలో ఇస్త్రీ పెట్టె టిక్కుమని ఆరింది. ఆ చిన్న చప్పుడుకే ఆమె ఉలిక్కిపడింది.

అతనికి తెలుసు. ఇన్నాళ్ళూ ఆమె అనుకున్నది వేరు. మగవాళ్ళకు తట్టదు, గమనించరు, చెబితే తప్ప తెలియదు, చెప్పడం మనకు చేతకాదు అని సర్దుకుంది. తట్టకపోవడం కాదిది. ఆమె మనసులో ఏముందో అతనికి ఆమెకంటే ముందే తెలుసు. తెలిసి దాని పక్క నుంచి జాగ్రత్తగా, కాలికి తగలకుండా, నడిచి వెళ్ళాడు. ఎన్నిసార్లు వెళ్ళాడో. ఆమె చదువు ఆగిన ఏడాది, ఆమె పేరు లేకుండా కంపెనీ బోర్డు రాయించిన రోజు, రెండో బిడ్డ వద్దని అతనే తేల్చేసిన రోజు. అప్పుడంతా తనను అడగడం మర్చిపోయారనే అనుకుంది.

"వింటున్నావా? సరేనా? పెట్టేస్తున్నా, పిలుస్తున్నారు. అవునని చెప్పు. ఇంటికొచ్చాక నీకేం కావాలంటే అది," అన్నాడు. ఫోన్ పెట్టేశాడు. సరే అని ఆమె అనలేదన్న సంగతి అతను చూసుకోలేదు. చూసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ పడలేదు మరి.

ఎదురుగా తెర మీద సెషన్ నడుస్తోంది. ఒక్క లైను. ఆ ఒక్క లైను చెరిపేస్తే సాయంత్రానికి ఊరంతా చీకటవుతుంది, ఫొటోలో ఆ నవ్వు ఆరిపోతుంది. పాత కంపెనీ సాయంత్రం అయిదింటికి పోతుంది, తను చేయకపోతే చేసేవాళ్ళు లేరు. ఆ ఆలోచన వచ్చిందని ఆమె ఒప్పుకుంటుంది. వచ్చి, ఆసుపత్రి వరండా గుర్తొచ్చి, వెళ్ళిపోయింది. తను కట్టినదాన్ని తను పాడుచేసుకోవడమేంటి? వాళ్ళ మీద కోపంతో తన పని మీద చెయ్యి చేసుకోవడమేంటి? ఆ నాలుగు చిరునామాలూ తనవి. తను పెంచినవి.

పాత కాల్‌కి తిరిగి వచ్చింది. రెండు నిమిషాల నలభై సెకన్లు.

"ఉన్నాను," అంది.

"సంతోషం. ప్రశ్న మళ్ళీ అడుగుతున్నాను—"

"నేను కాదంటే ఏమవుతుందండీ?"

"మార్పు జరగదు. మీ కంపెనీ దారుల విషయంలో మేం మీ మాటే వింటాం, ఇంకెవరి మాటా వినం."

"యజమాని వచ్చి చెప్పినా?"

"పక్కగదిలోనే ఉన్నారు యజమాని. ఇందాక తలుపు తోసుకుని వచ్చి, 'ఆవిడ మా ఆవిడే కదండీ, నేను చెబుతున్నాగా, రాసుకోండి' అన్నారు. ఆ కాలమ్‌లో భర్త సమ్మతి అని గడి లేదన్నాను." ఆయన గొంతులో కోపం గానీ వెటకారం గానీ లేవు. లేని గడి గురించి చెబుతున్నాడు, అంతే. "ఈ షరతు మీరు పెట్టిందే కదమ్మా? చాలా మంచి షరతు. నేను మిగతా ఒప్పందాల్లోకి కూడా రాసుకున్నాను."

ఈ మనిషికి ఆమె ముఖం తెలియదు. తను మంచిదో చెడ్డదో, అత్తను చూస్తుందో లేదో, చేతి వంట బాగుంటుందో లేదో తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. కాగితం మీద పేరుంది కాబట్టి అడుగుతున్నాడు. ఇంతమంది ప్రేమించే ఇంట్లో పదహారేళ్ళుగా రాని ప్రశ్న, ఒక చాదస్తపు ముసలాయన నోట, నిబంధన కాబట్టి వచ్చింది. ఇంత ఆలస్యంగా వచ్చినందుకు ఏడుపొచ్చింది, ఇంత మామూలుగా వచ్చినందుకు ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

సాయంత్రం ఈ ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకు తెలుసు. ముందు మౌనం, తర్వాత అత్తగారి కన్నీళ్ళు, తర్వాత "నలుగురిలో నా పరువు తీశావు" అన్న మాట, ఆ తర్వాత ఆడపడుచు ఫోన్. అన్నీ వరసగా కనపడ్డాయి. చిత్రం, భయం వేయలేదు. అంతకంటే పెద్ద దెబ్బ ఇందాకే తగిలింది మరి.

"కాదు," అంది.

"కొంచెం గట్టిగా అమ్మా. రికార్డు అవుతోంది. పూర్తి వాక్యం చెప్పాలి."

"నాకు సమ్మతం కాదు."

టీవీ గొంతు ఆగిపోయింది. పక్కగదిలో మంచం కిర్రుమంది. "ఎవరితోనే, అమ్మాయ్? ఏం కాదంటున్నావు?" అని అత్తగారు.

"ఒక్క నిమిషం అత్తయ్యా, ఫోన్‌లో ఉన్నా. అయ్యాక ఆయాకు కూడా చేయాలి, ఒకటో తారీఖు నుంచి కూడా రమ్మని," అంది ఆమె. తన గొంతు ఇంత మామూలుగా ఉండటం చూసి తనే విస్తుపోయింది.

అవతల చాదస్తం గారు రాస్తున్నాడు. కలం గీత ఫోన్‌లో వినపడుతోంది. "బాధ్యురాలు, మార్పు లేదు," అని తనలో తను చదువుకున్నాడు. "ఇంకొక్కటి మిగిలింది. కారణం అని చిన్న గడి ఉంది. తప్పనిసరి కాదు. ఖాళీగా వదిలేయమంటారా?"

"వద్దు, రాయండి."

"చెప్పండి. ఒక్కొక్క పదం, నిదానంగా."

ఆమె నిదానంగానే చెప్పింది, ఒక్కొక్క పదం విడివిడిగా, ఆయన మళ్ళీ చదివి వినిపిస్తాడని తెలిసి, వినాలని ఉండి.

"నన్ను అడిగారు. అందుకని చెప్పాను."